బ్రౌజర్ కాపలా ఎక్కడిదాకా?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు "ఇది మంచిదేనా?" అని అందరం అడుగుతాం. "ఇది నా కంప్యూటర్ దాకా ఏ దారిలో వచ్చింది, మధ్యలో ఎవరైనా దీన్ని చూశారా?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నేను ఈరోజు మాట్లాడేదంతా ఆ రెండో ప్రశ్న గురించే. గత పదేళ్లలో జరిగిన పెద్ద దాడులు తీసి చూడండి, చాలావాటిలో సాఫ్ట్‌వేర్ మంచిదే, రాసినవాళ్లూ మంచివాళ్లే, అది మన దాకా వచ్చే దారిలోనే ఎవరో చొరబడ్డారు.

ముందు బ్రౌజర్ సంగతి. మీరు ఒక వెబ్ పేజీ తెరిచారంటే ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో నడిచినట్టే, జావాస్క్రిప్ట్ కూడా ప్రోగ్రామే కదా. రోజంతా అలాంటివి వందల కొద్దీ నడుస్తుంటాయి, అయినా మన ఫైళ్లు మన దగ్గరే ఉంటున్నాయి. ఎందుకంటే బ్రౌజర్ వాటిని శాండ్‌బాక్స్‌లో, అంటే ఒక బోనులాంటి దాంట్లో పెట్టి నడుపుతుంది. ఆ పేజీకి మీ డాక్యుమెంట్లు కనబడవు, కెమెరా కావాలంటే మిమ్మల్ని అడగాలి, పక్క ట్యాబ్‌లో ఏముందో చూడలేదు. ఇదంతా మొదటి నుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో యాక్టివ్ఎక్స్ కంట్రోల్ అని ఉండేది, పేజీలోంచి దిగి నేరుగా విండోస్‌లో మీకున్న హక్కులన్నిటితో నడిచేది. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు ట్యాబ్‌లను విడి విడి ప్రాసెస్‌లలో, అంటే విడి విడి ప్రోగ్రామ్‌ల్లా నడిచేలా పెట్టి, వాటికి సిస్టమ్‌ను తాకే హక్కులు తీసేసింది. 2018లో ప్రాసెసర్ చిప్‌లలో స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక ఒక సైట్‌నీ ఇంకో సైట్‌నీ ఒకే ప్రాసెస్‌లో ఉంచడం కూడా మానేశారు, ఫైర్‌ఫాక్స్ 2021లో అందరికీ ఆ పద్ధతి తెచ్చింది. బ్రౌజర్‌కి తగిలించే పాత ప్లగిన్‌లను 2015, 2017 మధ్య ఒక్కొక్కటిగా బయటికి పంపారు, చివరికి 2020తో ఫ్లాష్ కూడా పోయింది. చాలామంది ఇంజినీర్లు ఏళ్ల తరబడి పడ్డ కష్టం అది.

ఇప్పుడు మీరు ఒక ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ నొక్కారనుకోండి. ఆ కష్టమంతా పక్కన పెట్టి, అపరిచితుడి ప్రోగ్రామ్‌ను మీ చేత్తోనే బోనులోంచి బయటికి తీసినట్టే. ఇన్‌స్టాల్ చేయొద్దని అనను, చేయకుండా ఎవరికీ పని జరగదు. కానీ ఆ క్షణంలో ఏయే రక్షణలు పోతున్నాయో, ఏవి మిగిలి ఉన్నాయో తెలిసుండాలి.

మిగిలి ఉన్నవాటిలో ఒకటి చాలామందికి తెలియదు కాబట్టి దానిమీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. బ్రౌజర్‌తో ఫైలు దించుకున్నప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఒకటి, అది చెడ్డదని ముందే తెలిసిన ఫైళ్ల, సైట్ల జాబితాలో ఉందేమో చూస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ వాడతాయి, ఎడ్జ్ స్మార్ట్‌స్క్రీన్ వాడుతుంది. రెండోది, ఫైలుకు కనబడని ఒక గుర్తు వేస్తుంది, ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది అని. విండోస్‌లో ఆ గుర్తు 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 కాలం నుంచి ఉంది. మాక్‌లో దాన్ని క్వారంటైన్ గుర్తు అంటారు, 2012లో వచ్చిన గేట్‌కీపర్ దాన్ని చూసే ఆపాలా వద్దా అని తేల్చుకుంటుంది. మీరు డబుల్ క్లిక్ చేయగానే "ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది, నిజంగా తెరవమంటారా?" అని ఒక పెట్టె వస్తుందే, అది ఈ గుర్తు వల్లే వస్తుంది.

అయితే ఆ గుర్తు వేసేది ఫైలును దించిన ప్రోగ్రామ్. బ్రౌజర్ వేస్తుంది. టెర్మినల్‌లో, అంటే కమాండ్‌లు టైప్ చేసే కిటికీలో, కర్ల్ అనే కమాండ్‌తో అదే ఫైలు, అదే సైట్ నుంచి దించండి, ఆ గుర్తు ఉండదు. గుర్తు లేకపోతే గేట్‌కీపర్‌కి దాన్ని ఆపి అడగాలని తోచదు. ఫైలు ఒక్కటే, దారి మారింది, కాపలా మాయమైంది. దాడి చేసేవాళ్లకు ఇది మనకంటే ముందే తెలుసు. విండోస్‌లో కొన్నాళ్లు చెడ్డ ప్రోగ్రామ్‌ను ఐఎస్ఓ ఫైలు, అంటే ఒక డిస్క్ మొత్తాన్ని చుట్టిన ఫైలు లోపల పెట్టి పంపేవాళ్లు, బయటి ఐఎస్ఓకి గుర్తు ఉండేది గానీ లోపలున్న ప్రోగ్రామ్‌కి అంటేది కాదు, మైక్రోసాఫ్ట్ 2022 నవంబర్‌లో దాన్ని సరిచేసింది. ఆ దారి మూసుకుపోయాక ఇంకో దారి వెతికారు, ఇది మరీ దారుణమైనది.

2024 నుంచి బాగా పాకిన ఈ పద్ధతికి క్లిక్‌ఫిక్స్ అని పేరు. మీరేదో సైట్ తెరుస్తారు, "మీరు రోబోట్ కాదని నిరూపించండి" అని మామూలుగా వచ్చే పెట్టెలాంటిదే వస్తుంది. దానిమీద క్లిక్ చేస్తారు. ఆ క్లిక్‌తో పేజీ మీ క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినవి ఉండే చోటికి, ఒక కమాండ్ ఎక్కించేస్తుంది, మీకు తెలియదు. తర్వాత పేజీలో మెట్టు మెట్టుగా చెబుతారు: విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ నొక్కండి, మీ పరీక్ష పూర్తయింది. అంతే, ఆ కమాండ్ మీ కంప్యూటర్‌లో నడిచిపోతుంది. మాక్ వాళ్లనయితే టెర్మినల్ తెరిచి పేస్ట్ చేయమంటారు. ఇందులో బ్రౌజర్‌లో ఏ లోపమూ లేదు, శాండ్‌బాక్స్ చెక్కు చెదరలేదు, ఫైలేదీ డౌన్‌లోడ్ కాలేదు కాబట్టి గుర్తు వేసే పనీ రాలేదు. అంతా మనిషి చేతుల మీదుగానే జరిగిపోయింది. చదువుకున్నవాళ్లు, కంప్యూటర్ మీదే బతికేవాళ్లు కూడా ఇందులో పడ్డారు, ఎందుకంటే ఆ పెట్టెలు నొక్కి నొక్కి మనందరికీ చేతులు అలవాటు పడిపోయాయి. కాబట్టి ఇది ఇంట్లో వాళ్లకి, ఆఫీసులో వాళ్లకి అందరికీ చెప్పండి: మీరు మనిషేనని రుజువు చేయడానికి బ్రౌజర్ బయట ఏ కీ నొక్కమన్నా, ఆ ట్యాబ్ మూసేయండి. నిజమైన పరీక్ష ఏదీ పేజీ దాటి బయటికి రాదు. "మీ బ్రౌజర్ పాతదైపోయింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి" అని పేజీలో వచ్చేదీ అంతే. బ్రౌజర్ తనను తాను అప్‌డేట్ చేసుకుంటుంది, అనుమానం ఉంటే మెనూలో అబౌట్ పేజీ తెరిచి చూసుకోండి.

ఇప్పుడు మనలో ప్రోగ్రామర్లు రోజూ చేసే పనికి వద్దాం. ఒక ప్రాజెక్ట్ పేజీ తెరుస్తాం, పైనే ఒక వరుస ఉంటుంది, కర్ల్‌తో ఒక స్క్రిప్ట్, అంటే కమాండ్‌ల ఫైలు, దించి నేరుగా వాటిని నడిపే బాష్‌లోకి పంపమని. కాపీ, పేస్ట్, ఎంటర్. పేరున్న ప్రాజెక్టులే అలా చెబుతాయి, రస్ట్ భాష ఇన్‌స్టాలర్ కూడా అలాగే వస్తుంది. దీనిమీద రెండు వర్గాలు కొట్టుకుంటూ ఉంటాయి. ఒకరు ఇది ఘోరం అంటారు. ఇంకొకరు, అదే సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దించి డబుల్ క్లిక్ చేస్తే తేడా ఏముంది, నమ్మేది అదే మనుషుల్ని కదా అంటారు. ఆ రెండో మాటలో నిజం ఉంది, నేను ఒప్పుకుంటాను. ఆ ప్రాజెక్ట్ వాళ్లే చెడ్డవాళ్లయితే ఏ దారిలో తెచ్చుకున్నా మునుగుతాం.

కానీ తేడా ఏమీ లేదు అనేది మాత్రం తప్పు. సర్వర్ నుంచి వస్తున్న స్క్రిప్ట్‌ను బాష్ వచ్చింది వచ్చినట్టు నడుపుకుంటూ పోతుంది. నెట్ మధ్యలో తెగితే సగం స్క్రిప్టే నడుస్తుంది, ఒక ఫోల్డర్ తుడిచే వరుస సగంలో తెగితే ఏ ఫోల్డర్ తుడుచుకుపోతుందో ఊహించుకోండి. జాగ్రత్తగా రాసేవాళ్లు మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లో చుట్టి చివరి వరుసలో దాన్ని పిలుస్తారు, అప్పుడు సగం వచ్చినా ఏమీ జరగదు. ఇంకోటి, ఆ స్క్రిప్ట్‌ను బ్రౌజర్‌లో తెరిచి చదివాను, బాగానే ఉంది అంటారు కొందరు. మీరు చదివినదీ మీ బాష్ నడిపినదీ ఒకటేనని ఎవరు చెప్పారు? బ్రౌజర్ అడిగితే ఒకటి, కర్ల్ అడిగితే ఇంకొకటి ఇవ్వడం సర్వర్‌కి చాలా తేలిక. అంతెందుకు, అవతల బాష్ నడుస్తోందా లేక ఊరికే ఫైలులో దాస్తున్నారా అన్నది కూడా సర్వర్ కనిపెట్టగలదని 2016లోనే చేసి చూపించారు. స్క్రిప్ట్ మొదట్లో కాసేపు ఆగమని ఒక కమాండ్ పెడితే బాష్ ఆగుతుంది, మధ్యలో డేటా తాత్కాలికంగా ఆగే బఫర్ నిండుతుంది, డేటా తీసుకోవడం నెమ్మదిస్తుంది, ఆ ఆలస్యాన్ని సర్వర్ గమనించి మిగతా భాగం మార్చి పంపగలదు. పైగా నేరుగా నడిపేస్తే మీ దగ్గర ఏమీ మిగలదు. రేపు ఏదో తేడా జరిగితే నేను నిన్న ఏది నడిపాను అని చూసుకోవడానికి ఫైలే ఉండదు.

అందుకే నేను చెప్పేది ఇంతే: స్క్రిప్ట్‌ను ముందు ఫైలుగా దించండి, ఎడిటర్‌లో తెరిచి చదవండి, చదివిన ఆ ఫైలునే నడపండి. ఇంకో విషయం, పేజీలో కనిపించిన వరుసా కాపీ అయిన వరుసా ఒకటే అనుకోకండి, పేజీ మధ్యలో మార్చగలదు. టెర్మినల్‌లో పేస్ట్ చేసేముందు ఒకసారి ఎడిటర్‌లో పేస్ట్ చేసి చూస్తే పోయేదేం లేదు. క్రోమ్‌లో, ప్రోగ్రామర్లు పేజీకి కమాండ్‌లు ఇచ్చే డెవలపర్ కన్సోల్‌లో మొదటిసారి పేస్ట్ చేయబోతే ఆపి, పేస్ట్‌ను అనుమతిస్తున్నానని మీ చేత టైప్ చేయిస్తుంది, విసుగ్గా అనిపించినా ఆ రక్షణ పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

స్క్రిప్ట్ దాచుకుని పోల్చుకోవడం వల్ల ఎంత లాభమో చెప్పడానికి కోడ్‌కవ్ ఉదంతం చాలు. వాళ్లది కోడ్ టెస్టింగ్‌కి సంబంధించిన సేవ, వేల కంపెనీల బిల్డ్ సిస్టమ్‌లు, అంటే కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌గా తయారుచేసే యంత్రాలు, వాళ్ల బాష్ స్క్రిప్ట్‌ను దించి నడిపేవి. 2021 జనవరి 31 నుంచి ఎవరో ఆ స్క్రిప్ట్‌లో ఒక వరుస మారుస్తూ వచ్చారు. బిల్డ్ సిస్టమ్‌లో ఉండే పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు అన్నీ ఆ దాడి చేసినవాళ్ల సర్వర్‌కి వెళ్లిపోయేవి. రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. ఏప్రిల్ 1న ఒక కస్టమర్ దించుకున్న స్క్రిప్ట్ చెక్‌సమ్‌ను, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి అంకెను, కోడ్ దాచే గిట్‌హబ్ సైట్‌లో పెట్టిన చెక్‌సమ్‌తో పోల్చి చూశారు. కలవలేదు. అలా బయటపడింది. అంత పెద్ద దాడి ఒక్కరు చేసిన ఆ చిన్న పోలిక వల్ల ఆగింది, ఆ పోలిక చేసే వీలు అందరికీ రెండు నెలలుగా ఉంది.

చెక్‌సమ్ అన్నాను కాబట్టి, అది ఎక్కడుందో కూడా చూడాలి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి చొరబడి డౌన్‌లోడ్ లింకును వెనక తలుపు, అంటే దొంగచాటుగా లోపలికి వచ్చే దారి, పెట్టిన ఐఎస్ఓ వైపు తిప్పారు. సైట్‌ను మార్చగలిగినవాడు అదే పేజీలో ఉన్న చెక్‌సమ్‌ను మార్చలేడా? తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్టుంటుంది అది. చెక్‌సమ్ ఇంకో చోట ఉండాలి, లేదా దానిమీద డిజిటల్ సంతకం ఉండాలి. మరి సంతకం ఉంటే సరిపోతుందా అంటే, 2017లో కంప్యూటర్‌ను శుభ్రం చేసే సీక్లీనర్ అనే ప్రోగ్రామ్ 5.33 వెర్షన్‌లో మాల్‌వేర్ వచ్చింది, అసలు కంపెనీ సర్టిఫికేట్‌తోనే సంతకమై, అసలు సైట్ నుంచే, దాదాపు 22.7 లక్షల మందికి చేరింది. సంతకం ఎవరిదో చెబుతుంది, లోపలేముందో చెప్పదు.

అడ్రస్ బార్‌లోని తాళం బొమ్మ గురించి ఒక్క మాట. దారిలో ఎవరూ వినడం లేదని మాత్రమే దానర్థం, అవతలివాడు మంచివాడని కాదు. జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023 సెప్టెంబర్‌లో ఆ తాళం తీసేసింది. ఆ మరుసటి నెలలోనే కీపాస్ పేరుతో సెర్చ్‌లో ఒక ప్రకటన వచ్చింది, అడ్రస్‌లో మొదటి కె అక్షరం కింద సన్నటి చుక్కలాంటి గుర్తు ఉన్న వేరే అక్షరం, తెర మీద దుమ్ము అనుకుంటాం. సైట్‌కి హెచ్‌టీటీపీఎస్, అంటే ఆ తాళం సూచించే రక్షణ, ఉంది, చూడటానికి అచ్చం అసలుదే. పాస్‌వర్డ్‌లు దాచుకునే సాఫ్ట్‌వేర్ కోసం వెళ్లినవాళ్లకి మాల్‌వేర్ ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ కోసం వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటన మీద నొక్కకండి, నొక్కనే నొక్కకండి.

ప్యాకేజీ మేనేజర్, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఒక నమ్మకమైన జాబితాలోంచి తెచ్చి వేసే ప్రోగ్రామ్, ఆ దారి నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకో చెబుతాను. డెబియన్ లాంటి లినక్స్ సిస్టమ్‌లలో ఒక రిలీజ్ ఫైలు మీద సంతకం ఉంటుంది, అందులో జాబితాల చెక్‌సమ్‌లు ఉంటాయి, జాబితాలో ఒక్కో ప్యాకేజీ చెక్‌సమ్ ఉంటుంది. అందుకే మీరు ఏ మిర్రర్ నుంచి, అంటే ఏ నకలు సర్వర్ నుంచి దించుకున్నా ఆ మిర్రర్ నడిపేవాళ్లను నమ్మక్కర్లేదు. మీకు వచ్చిందే అందరికీ వస్తుంది, మీ ఒక్కరికే వేరేది ఇవ్వడం కష్టం. అన్నిటికీ మించి, ఈ దారి నెమ్మదిగా ఉంటుంది. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి గుర్తుందా? నమ్మకం సంపాదించుకుని లోపలికి వచ్చిన వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్‌లలో వెనక తలుపు పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని వెంటపడి పట్టుకున్నాడు. అప్పటికి అది డెబియన్ టెస్టింగ్‌లాంటి పరీక్షా విడుదలల్లోకి వచ్చింది, అందరూ వాడే స్టేబుల్‌లోకి ఇంకా రాలేదు. కొత్త వెర్షన్ రాలేదని మనం విసుక్కునే ఆ కాలమే ఆరోజు సర్వర్‌లను కాపాడింది.

కానీ ప్యాకేజీ మేనేజర్ అన్న పేరు ఉంటే చాలు అనుకోవద్దు. ఆర్చ్ లినక్స్ వాళ్ల ఏయూఆర్ అనే రిపోజిటరీలో, అంటే ప్యాకేజీల నిల్వలో, ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు. 2025 జులైలో అక్కడ లిబ్రెవుల్ఫ్, ఫైర్‌ఫాక్స్, జెన్ బ్రౌజర్‌ల పేర్లకు ఫిక్స్, ప్యాచ్ లాంటి తోకలు తగిలించి మూడు ప్యాకేజీలు పెట్టారు, లోపల రిమోట్ కంట్రోల్ ట్రోజన్. బ్రౌజర్ బాగుచేసుకుందామని వచ్చినవాళ్లే వాళ్ల గురి. మీకు తెలియని రిపోజిటరీ ఒకటి కలిపారంటే, ఇన్‌స్టాల్ సమయంలో దాని స్క్రిప్ట్‌లు రూట్ హక్కుతో, అంటే కంప్యూటర్‌లో ఏదైనా చేయగల హక్కుతో, నడుస్తాయని మరిచిపోకండి.

బ్రౌజర్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్‌ల దగ్గరికి వస్తే నాకు నిజంగా దిగులేస్తుంది, ఎందుకంటే ఇవి శాండ్‌బాక్స్‌ను దాటాల్సిన పనే లేదు. "అన్ని సైట్‌లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అని ఒక వాక్యం వస్తుంది, మనం సరే అంటాం. ఇక మీ బ్యాంక్ పేజీ, మీ మెయిల్, అన్నీ దానికి కనిపిస్తాయి. ది గ్రేట్ సస్పెండర్ అని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఉండేది, లక్షల మంది వాడారు, మంచిదే. 2020లో దాన్ని చేసినాయన వేరేవాళ్లకు అప్పగించాడు. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. మధ్యలో వాడేవాళ్లు చేసిన తప్పేమీ లేదు, వాళ్లు నమ్మిన మనిషి వేరు, తర్వాత అప్‌డేట్ పంపిన మనిషి వేరు. ఎక్స్‌టెన్షన్ కొత్త అనుమతులు అడిగితే క్రోమ్ ఆపి మిమ్మల్ని అడుగుతుంది, పాత అనుమతులే చాలితే అడగదు. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగినే ఫిషింగ్ మెయిల్‌తో బుట్టలో వేసి, వాళ్ల ఎక్స్‌టెన్షన్‌కి చెడ్డ అప్‌డేట్ పంపారు. ఈరోజు మీ ఎక్స్‌టెన్షన్‌ల జాబితా తెరవండి. ఎప్పుడు వేశారో గుర్తులేనిది తీసేయండి. మిగిలినవాటిలో కొన్నిటికి "క్లిక్ చేసినప్పుడే" అని మార్చే వీలుంటుంది, మార్చండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: అప్‌డేట్‌ల ద్వారానే ఇన్ని దాడులు జరుగుతుంటే ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆపేయడం మంచిది కదా?)

బ్రౌజర్‌కి, ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రం ఎప్పుడూ ఆపకండి. వాటిలో లోపం సరిచేశారంటే ఆ లోపం ఏమిటో ప్రపంచమంతటికీ తెలిసినట్టే, ఆ రోజు నుంచి అప్‌డేట్ చేయనివాళ్ల కోసమే వెతుకుతారు. అప్‌డేట్‌లో విషం రావడం అరుదు, పాత లోపం మీద దాడి జరగడం రోజూ ఉండేదే. మీరు బిల్డ్ సిస్టమ్‌లలో వాడే లైబ్రరీల, అంటే వేరేవాళ్లు రాసిన కోడ్ ముక్కల, సంగతి వేరు, అక్కడ వెర్షన్‌ను చెక్‌సమ్‌తో సహా బిగించి, కొత్తది కొన్నాళ్లు ఆగి తీసుకోవడం మేలు.

(ప్రశ్న: ఇప్పటికే అలాంటి కమాండ్ ఒకటి నడిపేసి ఉంటే? మా వాళ్లు ఒకరు చేశారు.)

ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయమనండి. ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు మార్చొద్దు, వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చాలి, మెయిల్‌తో మొదలుపెట్టి, తర్వాత బ్యాంకు. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు. ఇలాంటి మాల్‌వేర్ ఎక్కువగా బ్రౌజర్‌లో ఉన్న లాగిన్ కుకీలు ఎత్తుకుపోతుంది, అవి చేతిలో ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే, ఓటీపీ లేకుండానే లోపలికి రావచ్చు. అందుకే చాలా ఖాతాల్లో "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అనేది ఉంటుంది, అది నొక్కాలి. మెయిల్‌లో ఫార్వర్డింగ్ ఏమైనా కొత్తగా పెట్టారేమో, రికవరీ నంబర్ మార్చారేమో చూడాలి. యాంటీవైరస్ స్కాన్ చేసి ఏమీ లేదంది అని ఊరుకోవద్దు, ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం బయటికి తీసుకుని ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి నుంచి వేయండి, ప్రోగ్రామ్‌లను పాత డిస్క్ నుంచి కాపీ చేయకుండా మళ్లీ దించుకోండి. అదంతా అయ్యాకే ఆ కంప్యూటర్‌లో మళ్లీ లాగిన్ అవమనండి. ఇంకో సంగతి, వాళ్లను తిట్టకండి. తిడతారని భయపడి రెండు మూడు రోజులు దాచిపెట్టేవాళ్లే ఎక్కువ, ఆ రెండు మూడు రోజుల్లోనే ఖాతాలు పోతాయి.